గేటు అవతల ఇల్లున్న మనిషి

గురువారం మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చున్న వేళ, తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. అవతల ఎవరో పెద్దావిడ. "మీ సార్ వాళ్ళావిడనమ్మా, పిడుగురాళ్ళ నుంచి" అంది. ఏ సార్ అని అడగాల్సిన పని లేకపోయింది. నేను సార్ అని పిలిచినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, సికింద్రాబాద్‌లో ఉద్యోగం, కృష్ణ దాటాక ఆంధ్రాలో ఇల్లు ఉన్న సార్ ఒక్కరే. తొమ్మిదేళ్ళుగా ఈవిడ గురించి వింటున్నాను. గొంతు వినడం మాత్రం అదే మొదటిసారి.

ఆయన పోయారు. పెద్దకర్మ కూడా అయిపోయిందట. రెండు వారాల కిందటి సోమవారం పొద్దున బండి దిగి, మెట్టుగూడలో తను అద్దెకున్న గదికి వెళ్ళి, స్నానం చేసి, ఆఫీసుకి బయల్దేరుతూ మెట్ల మీద కూర్చున్నారట. కింద వాటాలో ఉండే ఇంటావిడ చూసి, ఈ మనిషి కూర్చోవడమేంటని అనుమానపడి పిలిచిందట. అప్పటికే అయిపోయింది. ఆవిడకి అనుమానం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆయన కూర్చోగా నేనూ ఎన్నడూ చూడలేదు.

"గది ఖాళీ చెయ్యాలమ్మా. నాకు ఆ ఊరు సరిగ్గా తెలీదు. ఆయన ఫోన్లో నీ నంబరు చూశా. శనివారం వస్తా, నాతో గది దాకా వస్తావా?" అని అడిగిందావిడ. వస్తానన్నాను. ఫోను పెట్టాక అన్నం సహించలేదు. లేచి వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరిగాను. నిజం చెప్పాలంటే, ఏడుపు కన్నా ముందు భయం వేసింది. ఐదేళ్ళ కింద ఆ మనిషి నాకొక మాట చెప్పారు. నేను వినలేదు. వద్దని ఆయన చెప్పిందేదో అదే ఇప్పుడు మా ఇంట్లో జరుగుతోంది. నా సంసారం నెమ్మదిగా చేజారిపోతోంది, నేను చూస్తూ ఊరుకున్నాను.

మా ఆఫీసు సికింద్రాబాద్ స్టేషన్‌కి నడిచిపోయేంత దూరం. కింద సూట్‌కేసులూ బ్యాగులూ అమ్మే దుకాణం, పైన మేము ఏడుగురం. జనం ఎక్కడ ఇళ్ళు తీసుకుంటారు, అక్కణ్ణుంచి పనికి ఎట్లా పోతారు, ఒకటి మారితే రెండోది ఎట్లా మారుతుంది, ఇదంతా కంప్యూటర్లో లెక్కగట్టి ఇరవై ఏళ్ళ తర్వాత ఊరు ఎట్లా ఉంటుందో చెప్పడం మా పని. దాన్నే మోడల్ అంటాం. మా అమ్మకి నా ఉద్యోగం ఇప్పటికీ అర్థం కాలేదు. చుట్టాలెవరైనా అడిగితే "ఇండ్లకు జాతకం చూస్తది" అంటుంది. ఆ మాట సార్‌కి చెబితే పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మా పని గురించి మా అమ్మ మాటల్లోనే చెప్పేవారు.

ఆయన కుర్చీ నిండా ఎప్పుడూ ఫైళ్ళే. తను టేబుల్ మీదికి వంగి, నిలబడే కీబోర్డు కొట్టేవారు. రెండు లైన్లు కొట్టి కిటికీ దాకా, ఇంకో రెండు కొట్టి మెట్ల దాకా. టీ కూడా నిలబడే, అదీ సగమే. మిగతా సగం ఎక్కడ పెట్టారో ఆయనకే గుర్తుండేది కాదు. సాయంత్రానికి ప్రింటర్ మీద ఒకటి, బీరువా మీద ఒకటి, బాత్‌రూమ్ కిటికీలో ఒకటి, సగం సగం టీ గ్లాసులు దొరికేవి. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. మనిషన్నాక ఒకచోట కుదురుగా ఉండొద్దా? ఆయన పక్కన పనిచేస్తే మనక్కూడా ఎక్కడికో టైమైపోతున్నట్టు కంగారు పుట్టేది.

దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడం ఆయనకి చేతకాదు. మల్కాజ్‌గిరి ఎంత దూరం సార్ అంటే, "పొద్దునైతే పదకొండు నిమిషాలు, సాయంత్రమైతే ఇరవై రెండు, వానొస్తే చెప్పలేం" అనేవారు. ఊరంతా ఆయనకి నిమిషాల్లోనే ఉండేది. గురువారం వచ్చిందంటే ఇక పట్టలేం. టేబుల్ కింద బ్యాగు వచ్చి చేరేది. శుక్రవారం నుంచి ఫోన్లో బండి రైట్ టైమేనా అని చూడటం మొదలు. శనివారం సాయంత్రం మెట్లు దిగేటప్పుడు రెండేసి మెట్లు. మళ్ళీ సోమవారం పొద్దున బూట్ల మీద తెల్లటి దుమ్ముతో దిగేవారు. పిడుగురాళ్ళ సున్నం బట్టీల ఊరు కదా. ఆ దుమ్ము తుడుచుకోమంటే వినేవారు కాదు. మంగళవారానికి అదే పోతుందనేవారు.

భార్యని "మా టీచరమ్మ" అనేవారు. ఆవిడ అక్కడి ప్రభుత్వ బడిలో టీచరు. రెండు రాష్ట్రాలు అయినప్పుడు ఆవిడ అటు, ఈయన ఇటు. ఆవిడ బదిలీ గురించి అడిగితే, ఇక ఆ తలుపు మూసేశారమ్మా అని చెప్పి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయేవారు.

పని నేర్పడం కూడా నడుస్తూనే. మొదటి నెలలో నాకు మోడల్ ఓ పట్టాన అర్థం కాలేదు. ఓ రోజు టీ బండి దగ్గర నిలబెట్టి చెప్పారు. ఒక ఊరికి కొత్త బండి వేస్తే అక్కడ అద్దెలు పెరుగుతాయి. అద్దె పెరిగితే భరించలేని వాళ్ళు ఇంకొంచెం దూరం జరుగుతారు. వాళ్ళు దూరం జరిగితే ఇంకో బండి కావాలంటారు. ఆ బండి వేస్తే మళ్ళీ అద్దె. "ఇంటి వెనక బండి, బండి వెనక ఇల్లు. మనిషి మధ్యలో పరిగెడుతుంటాడు. మనం లెక్క కట్టాల్సింది ఆ పరుగు" అన్నారు. అన్నంతసేపూ కాళ్ళు ఆగితే ఒట్టు.

రెండు రాష్ట్రాల సరిహద్దు ఊళ్ళ మీద మోడల్ కట్టే పని వచ్చినప్పుడు ఆయన ఆఫీసులో పెద్ద గొడవ పెట్టుకున్నారు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. మ్యాపు అంచున రోడ్డో రైలు పట్టాలో తెగిపోయిన ప్రతిచోటా ఒక చుక్క పెడతాం. దాన్ని గేటు అంటాం. పొద్దున ఆ గేటులోంచి ఇంతమంది వచ్చారు, సాయంత్రం ఇంతమంది వెళ్ళారు, అంతే లెక్క. గేటు అవతల ఏముందో మోడల్‌కి అక్కర్లేదు. అటువైపు వాళ్ళకి ఇల్లుండదు, అద్దె ఉండదు, పొద్దున చుక్కలోంచి పుట్టి సాయంత్రం చుక్కలోనే మాయమైపోతారు. అన్నిచోట్లా అట్లాగే చేస్తారని మా యజమాని వాదన. సార్ ఒప్పుకోలేదు. ఇటువైపు ఆఖరి స్టేషన్ విష్ణుపురం దాటాక కృష్ణ ఉంది, ఏరు దాటితే ఇళ్ళున్నాయి, అక్కడ అద్దె పెరిగితే ఇక్కడ బండి నిండుతుంది, చుక్క పెట్టి చేతులు దులుపుకుంటే ఎట్లా అని మూడు వారాలు పోరి గెలిచారు. గెలిచిన పాపానికి అటువైపు ఊళ్ళ సర్వే కూడా మా నెత్తినే పడింది.

ఆ సర్వేలోనే ఆయన బ్రష్షుల ప్రశ్న పుట్టింది. ఫారంలో మొదటి ప్రశ్న, మీ నివాసం ఎక్కడ అని. దానికి ఎవరూ నిజం చెప్పరని ఆయన గట్టి నమ్మకం. రేషన్ కార్డు ఎక్కడుంటే అదే చెప్తారు. మల్కాజ్‌గిరి స్టేషన్లో ఒకాయన్ని నేను అడిగితే, ఇక్కడే కాలనీలో ఉంటానన్నాడు. నేను రాసేసుకుంటుంటే సార్ ముందుకొచ్చి, మీ పళ్ళు తోముకునే బ్రష్షులు ఎన్నండీ అని అడిగారు. ఆయన బిత్తరపోయి చూశాడు. కాసేపాగి, "రెండున్నయ్ సార్. ఒగటి ఈడుంటది, ఒగటి కర్నూల్ల రూంల ఉంటది" అన్నాడు. రెండిళ్ళు అని రాసుకోమన్నారు నన్ను. ఆ మనిషి బండెక్కాక కూడా తలుపు దగ్గర నిలబడి మావైపే చూస్తున్నాడు. అట్లాంటి రెండు బ్రష్షుల వాళ్ళు ఎంతమంది తేలారో చెబితే మా యజమాని నమ్మలేదు.

అయితే ఆ కష్టమంతా ఒక్క పూటలో తుడిచిపెట్టింది నేనే. సర్వే ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించాక వాటిని శుభ్రం చెయ్యాలి. ఒకే పేరు, ఒకే వయసు, ఒకే ఉద్యోగం రెండుసార్లు కనబడితే రెండోది పొరపాటున పడ్డ ఎంట్రీ అని కొట్టెయ్యాలి. మా పనిలో మొదటిరోజు నేర్పే పాఠం ఇదే. నేను ఒక్క కమాండ్ రాసి నడిపించాను. మధ్యాహ్నానికల్లా వందల ఎంట్రీలు ఎగిరిపోయాయి. ఎంత నీటుగా చేశానో అని మురిసిపోయాను కూడా. రెండు ఇళ్ళున్న ప్రతి మనిషికీ రెండు ఎంట్రీలు ఉంటాయన్న ఇంగితం నాకు తట్టలేదు.

వారం తర్వాత మోడల్ నడిపితే, గేట్ల అవతల ఊళ్ళన్నీ మగదిక్కు లేని ఇళ్ళతో నిండిపోయాయి. సార్ తెర మీదికి వంగి, "పిడుగురాళ్ళలో ఇంతమంది ఒంటరి ఆడవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారమ్మా?" అన్నారు. కిందికి జరుపుతూ పోయి ఒక వరస దగ్గర ఆగారు. సర్వే మొదలుపెట్టే ముందు ఫారం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆయన తన సొంత వివరాలే నింపారు, మెట్టుగూడ గదికొకటి, పిడుగురాళ్ళ ఇంటికొకటి. తెర మీద మిగిలింది ఒక్క మనిషి. ఆడ. టీచరు.

"ఇది మా ఇల్లు. నన్ను తీసేశావు" అన్నారు.

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కాలు ఆడించలేదు, వేళ్ళతో ఊచల మీద కొట్టలేదు. అంతసేపు కదలకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఇటు తిరిగి, "నీ తప్పేం లేదులేమ్మా. వారానికి రెండు రాత్రులుండేవాణ్ణి చూసి ఎవరైనా పొరపాటున పడ్డ ఎంట్రీ అనే అనుకుంటారు" అన్నారు. ఆ ఎంట్రీలన్నీ మళ్ళీ చేత్తో ఎక్కించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆయన నా పక్కనే నిలబడి ఒక్కో పేరూ చదివారు.

ఆ ఏడే నాకు పెళ్ళయింది. పెళ్ళయిన ఆరు నెలలకి మా ఆయనకి బీదర్‌లో కాలేజీ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. బీదర్ కర్ణాటక, ఇక్కణ్ణుంచి రైల్లో మూడు గంటలు. నాకేమో సికింద్రాబాద్‌లో ఈ పని, మల్కాజ్‌గిరిలో అమ్మ వాళ్ళ ఇంటి పైవాటా. ఇల్లు ఎక్కడ పెట్టాలని ఇంట్లో రోజూ చర్చే. సరిగ్గా మధ్యలో ఉందని వికారాబాద్ అన్నాన్నేను. ఇద్దరం అలిసిపోతామన్నాడు తను. ఇక ఇట్లా కాదని, ఓ రోజు లంచ్ టైంలో మా ఆఫీసు మోడల్లో నా సంసారాన్నే పెట్టి చూశాను. ఇల్లు వికారాబాద్‌లో పెట్టాను, లింగంపల్లిలో పెట్టాను, జహీరాబాద్‌లో పెట్టాను, అటు బీదర్, ఇటు సికింద్రాబాద్. ఎక్కడ పెట్టినా రానూపోనూ ఇద్దరి ప్రయాణం కలిపితే అవే ఆరు గంటలు. ప్రోగ్రాం పాడైందనుకుని సార్‌ని పిలిచాను.

ఆయన ఒక్కసారి చూసి, ప్రోగ్రాం బాగానే ఉందన్నారు. రెండు ఉద్యోగాల మధ్య దారిలో ఇల్లు ఎక్కడ పెట్టుకున్నా అంతేనట. ఒకళ్ళకి తగ్గిన గంట ఇంకొకళ్ళకి పెరుగుతుంది. "మొత్తం మారదమ్మా. ఎవరి వంతు ఎంతో అదే మారుద్ది. మోడల్‌కి ఆ సంగతి పట్టదు. మీరిద్దరే తేల్చుకోవాలి" అన్నారు. తర్వాత, మీ ఆయనేమంటున్నాడు అని అడిగారు.

నాకు గర్వంగానే ఉండింది. "నువ్వు కదలొద్దు, మొత్తం నేనే తిరుగుతా అంటున్నారు సార్" అన్నాను.

"ఒప్పుకోకు" అన్నారాయన.

అంత వేగంగా, అంత కటువుగా అంటారనుకోలేదు. నా మొహం చూసి గొంతు తగ్గించారు. తను కూడా టీచరమ్మతో సరిగ్గా అదే మాట అన్నారట. ఆవిడ మురిసిపోయిందట. మొదట కొన్నాళ్ళు ఎట్లాగో వారం మధ్యలో కూడా వెళ్ళొచ్చేవారట, తర్వాత వారానికోసారి అయింది. "ఇప్పుడు మా ఇంటికెళ్ళి మంచినీళ్ళ బిందె ఎక్కడుందని అడుగుతున్నా. ఆమె తీసిస్తది. చుట్టానికి ఇచ్చినట్టు గ్లాసు కడిగిస్తది. ఒకళ్ళే తిరిగితే ఇల్లు ఇంకొకళ్ళదైపోద్దమ్మా. నీ వంతు నువ్వు తిరుగు" అన్నారు. బండి టైమైనట్టు మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ రోజు మంగళవారం, ఆయనకి ఏ బండీ లేదు.

నేను వినలేదు. ఆయన బాధేదో ఆయనది అనుకున్నాను. మా ఆయనేమో ఫికర్ చెయ్యొద్దు, అలవాటైపోతదని ధైర్యం చెప్పాడు. నిజంగానే నాలుగు నెలలు రోజూ తిరిగాడు, పాపం. చీకటితో లేచేవాడు. తర్వాత నడుం పట్టేసి, బీదర్‌లో రూం తీసుకుని వారానికోసారి రావడం మొదలుపెట్టాడు. ఈమధ్య పరీక్షలని, పేపర్లని రెండు వారాలకోసారి. ఆ రూం నేను చూడలేదు. బ్యాచిలర్ల రూం, ఏం చూస్తవ్ అనేవాడు, నేనూ సరే అనేదాన్ని. మొన్న వచ్చినప్పుడు బాత్‌రూం తలుపు సందులోంచి, నీలం టవల్ వాడుకోవచ్చా అని అడిగాడు. వాడుకోమన్నాను. తను సోఫాలో నేను కూర్చునేచోట కూర్చుంటే నాకు చిరాకేసింది. సోమవారం పొద్దున తను వెళ్ళాక డబ్బాలన్నీ ఎక్కడివక్కడ సర్దుకుని, హమ్మయ్య అనుకున్నాను. కట్టుకున్నవాడు గడప దాటితే హమ్మయ్య అనుకునేదాన్ని ఎప్పుడయ్యాను నేను?

రెండేళ్ళ కింద ఆ ఆఫీసు వదిలి వేరే చోట చేరాను. సార్‌ని ఆఖరిసారి చూసింది రెండు నెలల కిందట, సికింద్రాబాద్ స్టేషన్లో. శనివారం సాయంత్రం. భుజాన బ్యాగు, జనాన్ని తోసుకుంటూ పరుగు. నన్ను చూసి ఆగారు గానీ పాదాలు మాత్రం ఆగలేదు, నిలబడ్డచోటే అటూ ఇటూ మారుతున్నాయి. బాగున్నావా అనలేదు, ఏం చేస్తున్నావనలేదు. "ఎవరు తిరుగుతున్నారు?" అని అడిగారు. నా నోటికి ఏమొచ్చిందో ఏమో, ఇద్దరం తిరుగుతున్నాం సార్, ఒక వారం ఆయన, ఒక వారం నేను అనేశాను. అబద్ధం. ఆయన మొహం వెలిగిపోయింది. మంచి పని చేశావమ్మా, మంచి పని చేశావు అని రెండుసార్లు అని, బండి వైపు పరిగెత్తారు. పోనీలే, పెద్దమనిషి సంతోషపడ్డాడు అనుకుని నేను ఎమ్మెమ్టీయస్ లోకల్ ఎక్కి ఇంటికొచ్చేశాను.

శనివారం పొద్దున బండికి టీచరమ్మ దిగింది. చిన్న మనిషి. చేతిలో మడతపెట్టిన రెండు సంచులు. స్టేషన్ బయట ఆటో ఎక్కి మెట్టుగూడ పోయేదాకా ఆవిడ రోడ్డు పక్క ప్రతి దుకాణాన్నీ చూస్తూ కూర్చుంది. కింద వాటా ఆవిడ తాళం తీసిచ్చి, మాకు చెరో గ్లాసు నీళ్ళిచ్చి వెళ్ళిపోయింది.

గదిలో ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు, గోడకి కొట్టిన మేకులకి మూడు చొక్కాలు. కుర్చీ లేదు. ఆవిడ ఏడుస్తుందేమో అని భయపడుతూ నిలబడ్డాను. ఆవిడకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గది మధ్యలో నిలబడి రెండు చేతులూ బార్లా చాపి చూసింది. "ఇరుకు గది, నువ్వు పట్టవు, ఇరుకు గది, నువ్వు పట్టవు అనేవాడు. ఇరవై ఏళ్ళు అదే మాట. ఇద్దరం హాయిగా పట్టమూ ఇక్కడ?" అంది. చొక్కాలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. మడతపెడుతూ, తను ఇదివరకు ఒకసారి ఈ గది దాకా వచ్చానని చెప్పింది.

ఓ రెండో శనివారం. చెప్పకుండా వెళ్ళి ఆశ్చర్యపరుద్దామని పొద్దున్నే బండెక్కిందట. ఆ దారంతా ఒకటే లైను. నల్గొండ ఇవతల ఏదో స్టేషన్లో వీళ్ళ బండిని పక్కకి తీసి ఆపారట, ఎదురుబండి వెళ్ళాలని. ఎదురుబండి కిటికీ పక్కనుంచే దడదడా పోయిందట. చీటీ మీద అడ్రసు పట్టుకుని ఇక్కడికొస్తే తాళం. మెట్ల మీద కూర్చుంది. మధ్యాహ్నం ఆయన దగ్గర్నుంచి ఫోను, ఇంట్లో లేవేంటి, ఎక్కడున్నావని. ఆయనా చెప్పకుండా పొద్దున బండికే ఊరెళ్ళారు.

"నా పక్కనుంచి పోయిన బండిలోనే ఉన్నాడమ్మా ఆయన. బడి పని మీద గుంటూరు వచ్చానని చెప్పా. ఇంత దూరం వచ్చి తాళం చూసి పోయానంటే తట్టుకోలేడని. మా ఇంటి తాళంచెవి ఆయన దగ్గర ఎప్పుడూ ఉండేది. ఈ గదిది నా దగ్గర లేదు. ఆయన ఇవ్వలేదు, నేను అడగలేదు" అంది. ఆ రోజు సాయంత్రం బండికే తిరిగి వెళ్ళిపోయిందట. ఆయనకి ఆ సంగతి చివరిదాకా తెలియదు.

అన్నీ సంచుల్లోకి చేరాక ఆవిడ నావైపు తిరిగి, "నువ్వూ మీ ఆయనా వంతులవారీగా తిరుగుతున్నారటగా. స్టేషన్లో కలిశావని ఇంటికొచ్చి ఎంత సంబరంగా చెప్పాడో. వాళ్ళని చూసి మనం నేర్చుకోవాలి, ఈ ఎండాకాలం సెలవులకి నువ్వే అక్కడికి రా అన్నాడు. రెండో తాళంచెవి చేయిస్తానన్నాడు" అంది.

నిజం చెప్పేద్దామని రెండుసార్లు అనుకున్నాను. చెప్పి ఏం చెయ్యను, ఆవిడకి మిగిలిన ఆ ఒక్క ముక్క కూడా లాక్కోనా? ఆవిడ తలుపు వెనక మేకు వైపు చూస్తోంది. అక్కడ ఒక తాళంచెవి వేలాడుతోంది. కొత్తది, ఇత్తడి ఇంకా మెరుస్తోంది. తీసి, తలుపు బయటికి వచ్చి, తాళంలో పెట్టి తిప్పింది. పడింది. మళ్ళీ తీసింది, మళ్ళీ వేసింది. అప్పుడు ఏడ్చింది, తాళం పట్టుకుని, నిలబడే. నేను ఆవిడ భుజం పట్టుకుని అక్కడే ఉండిపోయాను. కింద వాటా ఆవిడకి పాత తాళంచెవి ఇచ్చేసి, కొత్తది తన చేతిసంచిలో వేసుకుంది. ఇంటావిడ కూడా దాన్ని ఇమ్మని అడగలేదు.

టీచరమ్మని మధ్యాహ్నం బండెక్కించి ఇంటికొచ్చేసరికి మా ఆయన బీదర్ నుంచి వచ్చి ఉన్నాడు. వంటింట్లో టీ పెట్టుకుందామని ఒక్కో డబ్బా మూతా తీసి చూస్తున్నాడు. నన్ను చూసి, తప్పు చేస్తూ దొరికినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చక్కెర డబ్బా తీసి ఇవ్వబోయి ఆగాను. రెండో అరలో ఉంది, తీసుకో అని చెప్పి, అక్కడే గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"బీదర్ రూం తాళంచెయ్యి నాకొకటి గావాలె" అన్నాను.

ఎందుకని అడిగాడు. వచ్చే శనివారం నువ్వు రావొద్దు, నేనే వస్తానని చెప్పాను. ఆ పై వారం తను, ఆ తర్వాత మళ్ళీ నేను. తను నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి డబ్బా పక్కన పెట్టాడు.

"నీకెందుకు పరేషాన్? నేను తిరుగుతున్న గద" అన్నాడు.

"అందుకే."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, ఎవరమూ కట్టెయ్యలేదు. రెండో తాళంచెయ్యి లేదన్నాడు. చేయించమన్నాను. అక్కడ ఒక్కటే మంచం, ఫ్యాను సుత సరిగ్గా తిరగదన్నాడు. తిరక్కపోతే పోనీ అన్నాను.

"గా రూంల ఏముంటదని వస్తవ్?" అన్నాడు, నావైపు చూడకుండా.

"నువ్వుంటవ్ గద" అన్నాను.